తోడు వచ్చినవాళ్లు ఎటు ఉన్నారో బాణం గుర్తుతో చూపే చేతి పరికరం: తయారీ విధానం

అడవి దారిలోనో కొండ ఎక్కేటప్పుడో ఇద్దరు విడిపోతే, ఫోన్ సిగ్నల్ లేనిచోట ఒకరినొకరు వెతుక్కోవడం కష్టం. ఈ పరికరం ఇద్దరి చేతుల్లోనూ చెరొకటి ఉంటుంది. ప్రతిదీ తన స్థానాన్ని జీపీఎస్‌తో తెలుసుకుని, లోరా (తక్కువ పవర్‌తో చాలా దూరం పోయే రేడియో పద్ధతి) ద్వారా రెండోదానికి చెబుతుంది. అందుకున్న పరికరం దూరాన్ని లెక్కగట్టి, తెర మీద బాణం చూపిస్తుంది. టవర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. విడిభాగాలు కలిపి రేడియో పని చేయించడం ఒక పూటలో అయిపోతుంది. మిగతా శ్రమంతా బాణం అబద్ధం చెప్పకుండా చూడటానికే పోతుంది. అడవిలో తప్పు దిక్కు చూపే బాణం కన్నా బాణం లేకపోవడమే మేలు. అందుకే ఈ వివరణలో పెద్ద భాగం దిక్సూచి గురించే ఉంటుంది.

కావలసినవి (ఒక్కో పరికరానికి, రెండు తయారు చేయాలి)

- ఈఎస్‌పీ32 డెవలప్‌మెంట్ బోర్డు (పరికరాన్ని నడిపే చిన్న కంప్యూటర్) – 1
- ఎస్‌ఎక్స్1276 చిప్ ఉన్న లోరా మాడ్యూల్ (ఆర్‌ఎఫ్ఎం95 లాంటిది) – 1
- జీపీఎస్ మాడ్యూల్, సిరామిక్ యాంటెన్నాతో – 1. నియో-6ఎం పని చేస్తుంది కానీ అది జీపీఎస్ ఉపగ్రహాలను మాత్రమే చూస్తుంది. ఎం8 లేదా ఎం10 తరం గ్లోనాస్, గెలీలియో లాంటి ఇతర ఉపగ్రహ వ్యవస్థలనూ వాడుకుంటుంది కాబట్టి చెట్ల కింద బాగా నిలబడుతుంది.
- డిజిటల్ దిక్సూచి క్యూఎంసీ5883ఎల్ – 1
- ఎంపీయూ6050 (వంపు తెలుసుకోవడానికి) – 1
- 0.96 అంగుళాల ఓఎల్ఈడీ తెర, 128×64, ఐ2సీ (రెండు తీగల మీద నడిచే కనెక్షన్) రకం – 1
- 2000 ఎంఏహెచ్ లిథియం పాలిమర్ బ్యాటరీ, రక్షణ సర్క్యూట్ ఉన్న టీపీ4056 చార్జింగ్ బోర్డు
- 3.3 వోల్టుల రెగ్యులేటర్, తక్కువ డ్రాపవుట్ ఉన్నది, అంటే తనకోసం తక్కువ వోల్టేజ్ మింగేది (ఏపీ2112కే లాంటిది), 470 మైక్రోఫారడ్ కెపాసిటర్
- పీజో బజర్, నొక్కుడు బటన్, స్విచ్, 100 కిలోఓమ్ రెసిస్టర్లు రెండు

బజర్ విషయంలో జాగ్రత్త. అయస్కాంతం ఉన్న బజర్లు కూడా చూడటానికి అచ్చం పీజోలాగే ఉంటాయి. అలాంటిది పెట్టెలో పెడితే దిక్సూచి దాని వైపే తిరిగి కూర్చుంటుంది. ఒక చిన్న ఇనుప పిన్ను దగ్గరపెట్టి చూడండి, లాక్కుంటే దాన్ని పక్కన పడేయండి. గొట్టంలా ఉండే 18650 బ్యాటరీ బదులు పౌచ్ బ్యాటరీ (పైన చెప్పిన లిథియం పాలిమర్ రకం) చెప్పింది కూడా ఇందుకే. 18650కి ఉక్కు తొడుగు ఉంటుంది.

ఫ్రీక్వెన్సీ, యాంటెన్నా

లోరా మాడ్యూల్ కొనేముందే మీ దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోగల బ్యాండ్ ఏదో చూసుకోవాలి. ఐరోపాలో 868 మెగాహెర్ట్జ్, ఉత్తర అమెరికాలో 915, భారతదేశంలో 865–868 మధ్య. 868 కోసం చేసిన మాడ్యూల్‌ని 433 మీద నడపలేరు. సాఫ్ట్‌వేర్‌లో అంకె మారినా, దాని లోపలి ఫిల్టర్లు మారవు.

యాంటెన్నాగా ఒక గట్టి రాగి తీగ చాలు. పావు తరంగదైర్ఘ్యం లెక్కన 868కి 86 మిల్లీమీటర్లు వస్తుంది. తీగలో తరంగం కాస్త నెమ్మదిస్తుంది కాబట్టి సుమారు 82 మిల్లీమీటర్ల దగ్గర కత్తిరించండి. 915కి 78, 433కి 165. తీగను పెట్టె పైభాగం నుంచి నిటారుగా రానివ్వండి, మడిచి లోపల కుక్కితే రేంజ్ బాగా తగ్గుతుంది. యాంటెన్నా తగిలించకుండా ఎప్పుడూ ట్రాన్స్‌మిట్ చేయకండి. బయటకు పోవలసిన పవర్ వెనక్కి తిరిగి వచ్చి యాంప్లిఫయర్‌ని దెబ్బతీస్తుంది. చాలాసార్లు మాడ్యూల్ పూర్తిగా చావదు, రేంజ్ మాత్రం బాగా పడిపోతుంది. కారణం తెలియక రోజుల తరబడి కోడ్‌లో వెతుక్కోవలసి వస్తుంది.

కనెక్షన్లు

అన్నీ 3.3 వోల్టుల మీదే. లోరా మాడ్యూల్‌కి 5 వోల్టులు తగిలితే అది మళ్లీ లేవదు.

లోరా: ఎస్‌సీకే 18, మిసో 19, మోసి 23, ఎన్ఎస్ఎస్ 5, రీసెట్ 14, డీఐఓ0 26. జీపీఎస్: దాని టీఎక్స్ ఈఎస్‌పీ32లో 16కి, ఆర్‌ఎక్స్ 17కి. వ్రోవర్ రకం ఈఎస్‌పీ32 అయితే 16, 17 పిన్‌లను లోపలి అదనపు మెమరీ వాడుకుంటుంది, అప్పుడు 32, 33 తీసుకోండి. దిక్సూచి, ఎంపీయూ6050, తెర మూడూ ఒకే ఐ2సీ లైన్ మీద: ఎస్‌డీఏ 21, ఎస్‌సీఎల్ 22. బజర్ 25, బటన్ 27. బ్యాటరీ వోల్టేజ్ చదవడానికి రెండు 100 కిలోఓమ్ రెసిస్టర్ల మధ్య నుంచి 35కి. 34 నుంచి 39 వరకు పిన్‌లు ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, వాటికి లోపల పుల్-అప్ లేదు, కాబట్టి బటన్ అక్కడ పెట్టకండి. 12వ పిన్‌ని ఖాళీగా వదిలేయండి, బోర్డు ఆన్ అయ్యేటప్పుడు అది హై‌లో ఉంటే బూట్ కాదు.

దిక్సూచి బోర్డు మీద హెచ్ఎంసీ5883ఎల్ అని ముద్రించి ఉన్నా లోపల చాలావరకు క్యూఎంసీ5883ఎల్ చిప్పే ఉంటుంది. రెండింటి రిజిస్టర్లు వేరు, లైబ్రరీలు వేరు. ముందు ఐ2సీ స్కానర్ నడపండి. చిరునామా హెక్స్ 1ఈ వస్తే హెచ్ఎంసీ, హెక్స్ 0డి వస్తే క్యూఎంసీ. తెర హెక్స్ 3సి దగ్గర, ఎంపీయూ6050 హెక్స్ 68 దగ్గర కనిపించాలి.

పవర్

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటే. బ్యాటరీని నేరుగా ఈఎస్‌పీ32 బోర్డు 5 వోల్టుల పిన్‌కి ఇస్తారు. ఆ పిన్ వెనక ఉన్న ఏఎంఎస్1117 రెగ్యులేటర్ తనకోసం సుమారు 1 వోల్టు మింగేస్తుంది. బ్యాటరీ 3.7కి దిగేసరికి చిప్‌కి అందేది 2.7, అంతే, లోరా పంపిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అవుతుంది. సీరియల్ మానిటర్‌లో బ్రౌన్‌ఔట్ అని కనిపిస్తే అదే జబ్బు. బ్యాటరీ నుంచి తక్కువ డ్రాపవుట్ రెగ్యులేటర్‌కి, అక్కడి నుంచి 3.3 పిన్‌కి ఇవ్వండి. 470 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని లోరా మాడ్యూల్ పవర్ కాళ్ల దగ్గరే పెట్టండి.

వైఫై, బ్లూటూత్ ఆపేసి, ప్రాసెసర్‌ని 80 మెగాహెర్ట్జ్‌కి తగ్గిస్తే ఈఎస్‌పీ32కి సుమారు 30 మిల్లీఆంపియర్లు, నియో-6ఎంకి 45, తెరకి 15, లోరా వినడానికి 11. మొత్తం 100 చుట్టూ. 2000 ఎంఏహెచ్ బ్యాటరీకి కాగితం మీద 20 గంటలు వస్తుంది, రెగ్యులేటర్ చివరి బొట్టు వరకు తీయలేదు కాబట్టి 14–16 గంటలు అనుకోండి. టీపీ4056 బోర్డులు మామూలుగా 1 ఆంపియర్‌తో చార్జ్ చేస్తాయి. 1000 ఎంఏహెచ్ కన్నా చిన్న బ్యాటరీ పెడితే బోర్డు మీది 1.2 కిలోఓమ్ రెసిస్టర్ తీసి 2.4 పెట్టండి, అర ఆంపియర్‌కి తగ్గుతుంది. ఉబ్బిన బ్యాటరీని వాడకండి, గుచ్చకండి.

రేడియో మీద ఏం పంపాలి

లోరాలో ప్యాకెట్ ఎంత పొడవైతే గాలిలో అంతసేపు ఉంటుంది. 16 బైట్లు సరిపోతాయి: జట్టు గుర్తు 2, పంపినవారి గుర్తు 1, వరుస సంఖ్య 1, అక్షాంశం 4, రేఖాంశం 4, హెచ్‌డీఓపీ (జీపీఎస్ స్థానం ఎంత నమ్మదగినదో చెప్పే అంక, పెరిగితే నమ్మకం తగ్గినట్టు) 1, స్థానం ఎన్ని సెకన్ల పాతది 1, బ్యాటరీ 1, ఆదేశం 1. ఏఈఎస్ గుప్తీకరణకు ఒక బ్లాక్ కూడా సరిగ్గా 16 బైట్లే. ఈఎస్‌పీ32లో ఏఈఎస్ హార్డ్‌వేర్‌లోనే ఉంది కాబట్టి తప్పకుండా వాడండి. లేకపోతే మీరు ఎక్కడున్నారో దారిన పోయే ఏ లోరా రిసీవర్ అయినా చదువుతుంది.

బ్యాండ్‌విడ్త్ 125 కిలోహెర్ట్జ్, కోడింగ్ రేటు 4/5, స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (పెంచితే రేంజ్ పెరుగుతుంది, పంపడానికి పట్టే సమయమూ పెరుగుతుంది) 8 పెట్టండి. ఈ 16 బైట్లు పంపడానికి ఫ్యాక్టర్ 7 దగ్గర 52 మిల్లీసెకన్లు, 8 దగ్గర 93, 9 దగ్గర 165 పడుతుంది. 12 దగ్గర ఏకంగా 1.3 సెకన్లు. ఐరోపాలో 868.0–868.6 మధ్య గంటకు 36 సెకన్లకు మించి పంపకూడదు. ఫ్యాక్టర్ 8తో ప్రతి 10 సెకన్లకు ఒకటి పంపితే గంటకు 33 సెకన్లు, అంటే హద్దులోనే ఉంటాం. నడిచే మనిషి 10 సెకన్లలో 14 మీటర్లు కదులుతాడు, జీపీఎస్ పొరపాటుతో పోలిస్తే అది పెద్ద తేడా కాదు. రేంజ్ కోసమని వెంటనే 12కి ఎగబాకకండి. బ్యాండ్‌విడ్త్‌ని కూడా 62.5 కన్నా కిందికి దించకండి, చవక మాడ్యూళ్లలో క్రిస్టల్ వేడికి జరిగి, రెండు పరికరాలూ ఒకదాన్నొకటి వినడం మానేస్తాయి.

ఇద్దరూ ఒకే క్షణంలో పంపితే ఎవరిదీ ఎవరికీ వినపడదు, పంపేటప్పుడు లోరా వినలేదు. పరిష్కారం జీపీఎస్ గడియారంలోనే ఉంది. మొదటి పరికరం 0, 10, 20 సెకన్లకు, రెండోది 5, 15, 25కి పంపాలి. జీపీఎస్ ఇంకా దొరకనప్పుడు 8 నుంచి 12 సెకన్ల మధ్య యాదృచ్ఛిక విరామం పెట్టండి. సింక్ వర్డ్ (రేడియోలు తమ ప్యాకెట్లను గుర్తుపట్టే సంకేతం) రెండింటిలోనూ ఒకటే ఉండాలి. హెక్స్ 34 లోరావాన్ అనే పబ్లిక్ నెట్‌వర్క్‌ది, మీరు హెక్స్ 12 వాడండి.

దూరం, దిశ లెక్క

జీపీఎస్ వాక్యాల్లో అక్షాంశం డిగ్రీలు, నిమిషాల కలయికగా వస్తుంది. 1230.0000 అంటే 12 డిగ్రీల 30 నిమిషాలు, అంటే 12.5 డిగ్రీలు. 12.30 అనుకుంటే 22 కిలోమీటర్లు తేడా పడుతుంది. టైనీజీపీఎస్ ప్లస్ లైబ్రరీ ఈ మార్పు తనే చేస్తుంది.

డిగ్రీలను కోటితో గుణించి 32 బిట్ల పూర్ణాంకంగా పంపండి. అందుకున్నచోట ముందు పూర్ణాంకాలనే తీసివేయండి, తేడా వచ్చాకే దశాంశంలోకి మార్చండి. నేరుగా ఫ్లోట్‌లో (32 బిట్ల దశాంశ సంఖ్యలో) పెడితే 64 డిగ్రీలు దాటిన రేఖాంశం దగ్గర ఒక్కో మెట్టు 0.85 మీటర్లు అవుతుంది, దగ్గర దూరాల్లో బాణం గెంతుతుంది.

(తేడా అంటే తోడు విలువ − మీ విలువ, కోటితో గుణించిన అంకెల్లోనే)
ఉత్తర దూరం = అక్షాంశ తేడా × 0.011132 మీటర్లు
తూర్పు దూరం = రేఖాంశ తేడా × 0.011132 × కొసైన్(అక్షాంశం)
దిశ = ఏటాన్2(తూర్పు, ఉత్తరం)
బాణం = దిశ − పరికరం చూస్తున్న దిక్కు

కొన్ని కిలోమీటర్ల లోపు ఇది చాలు, భూమి గుండ్రతనాన్ని లెక్కలోకి తీసుకునే హావర్‌సైన్ సూత్రం అక్కర్లేదు. ఏటాన్2 (రెండు దూరాల నుంచి కోణం ఇచ్చే ఫంక్షన్)లో తూర్పు ముందు, ఉత్తరం తరువాత. గణితం పుస్తకంలో దీనికి తిరగేసి ఉంటుంది, అక్కడే చేయి జారుతుంది.

దిక్సూచి

దీన్ని బ్యాటరీ, బజర్, ఇనుప మరల నుంచి కనీసం 4–5 సెంటీమీటర్ల దూరంలో, పెట్టె పై కొసన పెట్టండి. బ్యాటరీ తీగలు రెండింటినీ మెలిపెట్టండి. విడివిడిగా పోతే వాటిలో ప్రవహించే కరెంటు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, లోరా పంపినప్పుడల్లా బాణం ఉలిక్కిపడుతుంది. మరలు ఇత్తడివో నైలాన్‌వో వాడండి.

క్యాలిబ్రేషన్ మొత్తం పెట్టెలో బిగించాకే చేయాలి, బయట బల్ల మీద చేసినది వృథా. ఇనుప బల్లలకు, వాహనాలకు దూరంగా ఆరుబయట నిలబడి, పరికరాన్ని అన్ని పక్కలకూ, తలకిందులుగా కూడా, నిమిషంపాటు నెమ్మదిగా తిప్పండి. ప్రతి అక్షానికి వచ్చిన గరిష్ఠ, కనిష్ఠ విలువలు రాసుకోండి. వాటి సగటు ఆ అక్షం ఆఫ్‌సెట్, ప్రతి రీడింగ్ నుంచి దాన్ని తీసివేయాలి. మూడు అక్షాల వెడల్పులు సమానంగా లేకపోతే వాటిని సమానం చేసే గుణకం కూడా పెట్టండి. ఇవన్నీ ఈఎస్‌పీ32 ఫ్లాష్‌లో దాచండి. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ మళ్లీ చేయాలి.

తరువాత వంపు. భూమి అయస్కాంత క్షేత్రం చాలాచోట్ల నేలలోకి వాలి ఉంటుంది. ఆ వాలు 60 డిగ్రీలున్నచోట పరికరాన్ని 10 డిగ్రీలు వంచితే దిక్కు 17 డిగ్రీల దాకా తప్పుతుంది. నడుస్తూ చేతిలో ఏదీ సమతలంగా ఉండదు కాబట్టి ఎంపీయూ6050 నుంచి ముందు వెనకల వంపు, పక్క వంపు తీసుకుని దిక్సూచి రీడింగ్‌ని సరిచేయాలి. రెండు సెన్సర్ల ఎక్స్, వై అక్షాలు ఒకే దిశలో ఉండేలా బిగించండి, లేకపోతే గుర్తుల తికమకలో చిక్కుకుంటారు.

ఆ పైన దిక్పాతం. దిక్సూచి చూపే ఉత్తరం వేరు, జీపీఎస్ లెక్కకు వాడే అసలు ఉత్తరం వేరు, ఆ రెండింటి మధ్య కోణమే దిక్పాతం. మీరు వెళ్లేచోట దిక్పాతం తూర్పుకైతే కూడాలి, పడమరకైతే తీసివేయాలి. కొన్ని ప్రాంతాల్లో ఇది ఒక డిగ్రీలోపే, కొన్నిచోట్ల 15 దాటుతుంది.

రీడింగుల సగటు తీసేటప్పుడు డిగ్రీలను నేరుగా కూడకండి. 359, 1 సగటు 180 అని వస్తుంది, బాణం వెనక్కి తిరుగుతుంది. సైన్, కొసైన్ విలువల సగటు తీసి మళ్లీ కోణంగా మార్చండి.

మనిషి గంటకు 4 కిలోమీటర్లకు మించి నడుస్తుంటే జీపీఎస్ ఇచ్చే ప్రయాణ దిశ నమ్మదగినదే. దిక్సూచి లెక్కకూ దానికీ 40 డిగ్రీలకు మించి తేడా అరనిమిషంపాటు కొనసాగితే తెర మీద "దిక్సూచి సరిచూడు" అని రాయించండి. చాలామంది పట్టించుకోని ఈ చిన్న ఏర్పాటే ఆపదలో కాపాడుతుంది.

తెర మీద ఏం కనబడాలి

పెద్ద బాణం, మీటర్లలో దూరం, సమాచారం ఎన్ని సెకన్ల పాతదో. ఈ మూడోది తప్పనిసరి. ప్యాకెట్ వచ్చి 60 సెకన్లు దాటితే బాణాన్ని బోలుగా గీయండి. 5 నిమిషాలు దాటితే "చివరిసారి కనిపించిన చోటు" అని రాయండి. హెచ్‌డీఓపీ 4 కన్నా ఎక్కువుంటే దూరం ముందు "సుమారు" చేర్చండి.

ఆకాశం బాగా కనబడేచోట కూడా జీపీఎస్ 3–5 మీటర్లు తప్పుతుంది. 100 మీటర్ల దూరంలో 5 మీటర్ల తప్పు అంటే 3 డిగ్రీలే. 10 మీటర్ల దూరంలో అదే తప్పు 27 డిగ్రీలు. కాబట్టి 15 మీటర్ల లోపు బాణం తీసేసి వృత్తం చూపించండి. అక్కడి నుంచి చెవిని నమ్ముకోవాలి. బటన్ మూడు సెకన్లు నొక్కి ఉంచితే ప్యాకెట్‌లోని ఆదేశం బైటు 1 అవుతుంది, అది అందిన పరికరం 20 సెకన్లు బజర్ మోగిస్తుంది. పొదల చాటున, చీకట్లో మనిషిని చేర్చేది ఈ మోతే.

ఆరుబయట పరీక్ష

ఒక పరికరాన్ని మైదానంలో కర్రకు కట్టి, రెండోదాన్ని పట్టుకుని 100 మీటర్లు దూరం వెళ్లండి. మొదటిసారి ఉపగ్రహాలు దొరకడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, జీపీఎస్ యాంటెన్నా ముఖం ఆకాశం వైపే ఉండాలి. ఇప్పుడు ఉన్నచోటే గుండ్రంగా తిరగండి. మీరు ఎటు తిరిగినా బాణం కర్ర వైపే నిలవాలి. నిలవకపోతే తప్పు ఏ తీరులో ఉందో చూస్తే కారణం దొరుకుతుంది.

ఎటు తిరిగినా ఒకే కోణంలో తప్పుతుంటే దిక్పాతం కూడలేదు, లేదా దిక్సూచి బోర్డు పెట్టెలో వంకరగా బిగించారు. ఒక దిక్కున కుడికి తప్పి, దానికి ఎదురు దిక్కున అంతే ఎడమకు తప్పితే ఆఫ్‌సెట్ సరిగా లేదు, పెట్టెలో అయస్కాంతం ఏదో దాగుంది. ఉత్తరం, దక్షిణం చూసినప్పుడు సరిగా ఉండి తూర్పు, పడమరల్లో తిరగబడితే దిక్సూచి ఒక అక్షం గుర్తు తారుమారైంది. మీరు ఎటు తిరిగినా బాణం కదలకుండా ఒకచోటే నిలుస్తుంది కానీ, కర్ర మీకు ఈశాన్యానో నైరుతినో ఉన్నప్పుడు మాత్రమే సరిపోతోందంటే, ఏటాన్2లో తూర్పు, ఉత్తరం స్థానాలు మార్చి రాశారు. చేయి వంచితే మాత్రమే కదిలితే వంపు సవరణ చూడండి.

తరువాత రేంజ్. చెట్లు, మట్టిదిబ్బలు అడ్డున్నచోట ప్యాకెట్లు ఎక్కడ ఆగిపోతున్నాయో వరుస సంఖ్యలను చూసి రాసుకోండి. పరికరాన్ని నడుము దగ్గర కాక భుజం ఎత్తులో పట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

జీపీఎస్ పని చేయనిచోట

లోతైన లోయలో, దట్టమైన చెట్ల కింద స్థానం దొరక్కపోయినా రేడియో వినపడుతుంటే ఇంకో ఉపాయం ఉంది. బటన్ రెండుసార్లు నొక్కితే తెర మీద సిగ్నల్ బలం మాత్రమే కనబడేలా పెట్టండి. పరికరాన్ని ఛాతీకి ఆనించి పట్టుకుని, ప్రతి 45 డిగ్రీలకు ఆగి రెండు మూడు ప్యాకెట్లు విని, అంకె రాసుకుంటూ ఒక చుట్టు తిరగండి. మన శరీరం సిగ్నల్‌ని అడ్డుకుంటుంది కాబట్టి, అంకె అన్నిటికన్నా తగ్గిన దిక్కున తోడు మీ వీపు వెనక ఉన్నట్టు. రాళ్ల నుంచి తిరిగివచ్చే తరంగాలు మోసం చేస్తాయి, అందుకని ఇరవై అడుగులు జరిగి మళ్లీ చేసి, రెండుసార్లూ ఒకే దిక్కు వస్తేనే అటు నడవండి. 10 సెకన్ల విరామం ఈ పనికి మరీ ఎక్కువ. ఆదేశం బైటు 2 పంపితే అవతలి పరికరం రెండు నిమిషాలపాటు ప్రతి 2 సెకన్లకు పంపేలా రాయండి. గంట లెక్కలో 60 ప్యాకెట్లు, 6 సెకన్లే కానీ, పరిమితి ఉన్న దేశంలో ఆ తరువాత కాసేపు మామూలు విరామాన్ని 15 సెకన్లకు పెంచి సరిచేయాలి.

భవనాల లోపల మాత్రం ఇది పనికిరాదు. అక్కడ కావలసింది యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్) రేడియో, డీడబ్ల్యూ1000 లాంటి చిప్‌లు 10 సెంటీమీటర్ల తేడాలో దూరం కొలుస్తాయి కానీ గోడలు దాటి దూరం పోవు.